కోళ్లు దాటి కుంటాల దాకా

ఇప్పటి కొత్త అల్లుళ్లు కారు దిగరు, అద్దం దించి చెయ్యి ఊపి వెళ్లిపోతారు. మా రోజుల్లో అలా కుదిరేది కాదు. కొత్త అల్లుడు ఏ వాకిట్లో ఆగితే ఆ ఇంట్లో ఒక కోడికి నూకలు చెల్లినట్టే. అప్పుడు నేను కరీంనగర్‌లో నీళ్ల మోటార్లు అమ్మే దుకాణంలో కొత్తగా పనికి చేరిన సుల్తానాబాద్ పిల్లగాణ్ని. పెళ్లయి ఏడాది కాలేదు. మొదటి దసరాకు లక్సెట్టిపేట దగ్గరి అత్తగారి ఊరికి వెళ్లాను (మోటారు సైకిల్ పాతది, నేను మాత్రం కొత్త).

మా ఆవిడకు ఒకటే కోరిక, కుంటాల జలపాతం చూడాలని. బడిలో ఉండగా పిల్లలందర్నీ తీసుకెళ్తుంటే మా మామగారు "ఆడపిల్లకు నీళ్లకాడ ఏం పని" అని పంపలేదట. వెళ్లొచ్చిన పిల్లలు వారం రోజులు ఆ నీళ్ల ముచ్చటే చెబుతుంటే వినలేక చెవులు మూసుకుందట. "రేపు చూపిస్త" అని మాటిచ్చాను. ఆ రేపు దాటితే నా సెలవు అయిపోతుంది. పొద్దు గూకే వేళకు కిందికి దిగనివ్వరని కూడా విన్నాం.

పొద్దున్నే బయలుదేరాం. మేము ఊరు దాటకముందే మామగారు దారిలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసేశారన్న సంగతి జన్నారంలో గానీ తెలియలేదు. ఆమె మేనమామ రోడ్డు మీదికే వచ్చి బండికి అడ్డంగా నిలబడ్డాడు. "గట్లెట్ల పోతరు అల్లుడా? కోడి కోసిన!" మా వైపు ఈ మాటకు జవాబు లేదు. ఆకలి లేదనొచ్చు, ఆలస్యమైందనొచ్చు, కోడి కోశాక మాత్రం చెప్పులు విప్పాల్సిందే. సర్వపిండి, కోడికూర, మళ్లీ కోడికూర. చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించారు.

కడెంలో ఆమె చిన్నమ్మ చేపల పులుసు పెట్టింది. ఆమె భర్త చిన్నబాపు అంతటితో వదల్లేదు. "తిన్నది అరగాలె, పా" అని ప్రాజెక్టు మీదికి తీసుకెళ్లి ఒక్కో గేటూ దగ్గరుండి చూపించాడు, సొంత పొలం చూపించినంత ఓపికగా. అరిగిందనుకున్నాక ఇంటికి తెచ్చి మళ్లీ పెట్టించాడు. మా ఆవిడ ఆ నీళ్లను చూడలేదు, పొద్దు ఎక్కడికొచ్చిందో చూస్తూ నిలబడింది.

బండెక్కాక వెనక నుంచి గొంతు వినిపించింది. "నువ్వు వద్దనరాదా?"

"మీ చుట్టాలే గద, నువ్వే చెప్పు."

"నేనంటే పెండ్లికాంగనె పొగరెక్కిందంటరు."

ఇచ్చిన మాట పోతోందని నాకు నిజంగానే దిగులేసింది. కడుపు బరువు వేరే.

నేరడిగొండ ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన తన వాకిట్లో మా ఆవిడ పెద్దమ్మ కనిపించింది. చంకలో పుంజు. అది ఇంకా బతికే ఉండటం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ బండి దిగి పెద్దమ్మ కాళ్లకు మొక్కి అంది, "పెద్దమ్మా, కుంటాల సోమన్నకు మొక్కున్నది. దర్శనమయ్యేదాక మంచినీళ్లు సుత ముట్టం."

ఆ మొక్కు సంగతి నాకూ అప్పుడే తెలిసింది. సరిగ్గా అదే సమయానికి చేపల తేన్పు ఒకటి బయలుదేరింది. పెదవులు బిగించి, కళ్లు మూసుకుని నిలబడ్డాను (పెద్దమ్మ దాన్ని భక్తి అనుకుంది).

"గట్లనా బిడ్డా! ఫికర్ చెయ్యకు, దేవుడే ముందు," అని పుంజును వదిలేసింది. అది వెనక్కి చూడకుండా పరుగెత్తింది. దాని సంతోషం ఆ వాకిట్లో నాకు అర్థమైనంతగా ఎవరికీ అర్థమై ఉండదు. మొక్కు తీరాక తినమని పెద్దమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టి, ఒక కొబ్బరికాయ కూడా ఇచ్చింది.

పొద్దుండగానే చేరాం. మెట్లు దిగుతుంటే ముందు చప్పుడు, తర్వాత చల్లగాలి, చివరికి నీళ్లు. ఆమె ఒక రాతి మీద కూర్చుంది. పక్కనే నేనూ కూర్చున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే.

ఎల్లిపాయ కారం వాసనకు మెలకువ వచ్చింది. పైనుంచి కాపలా మనిషి విజిల్ ఊదుతున్నాడు. ఆమె జలపాతం దగ్గరి సోమన్న గుడికి వెళ్లొచ్చింది, కొబ్బరికాయ కొట్టింది, తీరిగ్గా రొట్టె తింటోంది. ముఖమంతా తుంపర్లు. అంత సంతోషంగా ఆమెను పెళ్లి పీటల మీద కూడా చూడలేదు నేను.

"లేపకపోతివి?" అన్నాను.

"లేపితె పోదాం పా అంటవని లేపలే," అంది.

మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూసినంత మేరకే నా కుంటాల. దుకాణంలో ఎవరైనా "ఎట్లున్నది?" అని అడిగితే చాలా ఏళ్లు "అబ్బో!" అని గడిపేశాను.

మొన్న వానలు తగ్గాక మళ్లీ వెళ్లాం, మా అమ్మాయి కారులో. దారిలో ఎవరూ అడ్డంగా నిలబడలేదు. నిలబడేవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లకు మేమే చెప్పలేదు. జన్నారం దాటుతుంటే ఆ మేనమామ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. కింద రాతి మీద ఇద్దరం కూర్చున్నాం. అమ్మాయి పైనుంచి పిలిచింది, మళ్లీ పిలిచింది. పోదాం అన్న మాట నాలుక చివరిదాకా వస్తే మింగేశాను. చాలాసేపటికి మా ఆవిడ నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పండుకున్నవా?"

"లే, చూస్తున్న."

"అయితె ఇంక జరసేపు కూసుందాం," అంది.