పిన్ని ఏడుపు, రెండో భాగం

కలెక్టరవుదామని ఢిల్లీ వచ్చి దయ్యాలకు మాటలు రాసేవాడినయ్యాను. కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో నాలుగేళ్లు చదివాను. మూడుసార్లు ప్రిలిమ్స్ దగ్గరే బోర్లా పడ్డాను. ఏ మొహం పెట్టుకుని ఊరికి వెళ్లాలో తెలియక, నోయిడాలో ఒక డబ్బింగ్ స్టూడియోలో చేరాను. హిందీ సినిమాలకు తెలుగు మాటలు రాయడం పని. ఊళ్లో ఎవరైనా అడిగితే "మీడియాలో ఉన్నాను" అనేవాడిని. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అలాంటి మాటలు తడుముకోకుండా చెప్పడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

అక్కడ నాకు కాస్త పేరు తెచ్చింది ఒక దయ్యం సినిమా. అందులో దయ్యం ఎక్కడా కనబడదు. మూసిన తలుపు వెనక ఒక పెద్దావిడ ఏడుపు వినబడుతుంది, అంతే. సినిమా మొత్తం ఆ ఏడుపు మీదే నడవాలి. నేను "నన్నెందుకు విడిచి వెళ్లిపోయావు" అని రాసిచ్చాను. స్టూడియోకి వచ్చే ఇద్దరు తెలుగమ్మాయిలతో చెప్పించి చూస్తే వార్తలు చదివినట్టుంది. వయసు మళ్లిన గొంతు కావాలన్నారు. నోయిడాలో తెలుగు ముసలమ్మను ఎక్కణ్ణించి పట్టుకురాను?

అప్పుడు పిన్ని గుర్తొచ్చింది. మయూర్ విహార్‌లో నేను అద్దెకుండే బ్లాకులోనే కింది ఇంట్లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త సైన్యంలో సుబేదారుగా చేసి పోయారని మాత్రం తెలుసు. పొద్దున్నే కూరగాయల బండి దగ్గర ఆవిడ గొంతు మా మూడో అంతస్తుకు వినబడేది. "భయ్యా, యే బెండకాయ్ ముదిరిపోనాది, దేఖో!" అంటే ఆ భయ్యా నోరెత్తకుండా ముదిరినవి ఏరి పక్కన పెట్టేవాడు. కాలనీ అంతటికీ ఆవిడ ఆంటీయే. నేనూ ఆంటీ అంటే మొదటిరోజే అడ్డుకుంది. "అందరూ అదే అంతారు. నువ్వైనా పిన్నీ అను బాబూ" అంది.

అడగ్గానే నవ్వి, చెప్పులేసుకుని బయల్దేరింది. మెట్రోలో పది నిమిషాల దారి. స్టూడియో గదిలో మైకు ముందు నిలబెట్టి కాగితం చేతికిచ్చాను. కూడబలుక్కుని చదివి నావైపు జాలిగా చూసింది.

"ఇలగ ఎవులేడుస్తారు బాబూ?"

"మరెలా ఏడుస్తారు పిన్నీ?"

కాగితం మడిచి నా చేతిలో పెట్టేసింది. కళ్లు మూసుకుంది. "పెట్టె సర్దినాను నా నాయినో... ఉతికిన బట్టలెట్టినాను నా నాయినో... నన్నొగ్గీసి ఏ బండెక్కినావో... పెట్టొచ్చీసింది, నువ్వేవీ నా నాయినో..." అని రాగం తీసింది. మా ఊళ్లో చావు ఇంట్లో ఆడవాళ్లు శోకాలు పెట్టడం విన్నవాడినే. ఇది అలా లేదు. గొంతు పైకి లేచే కొద్దీ సన్నబడి, చివర్లో ఊపిరి మాత్రం మిగిలేది. తెలుగు ముక్క రాని సౌండ్ ఇంజనీరు చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసేసి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇంకోసారి చెప్పమని ఎవరూ అడగలేదు.

తిరుగు దారిలో మెట్రోలో ఆవిడే చెప్పింది. ఆయన సెలవు పూర్తయి ఢిల్లీ కంటోన్మెంటుకు బయల్దేరితే, నల్ల ట్రంకు పెట్టె తనే సర్దిందట. దారిలోనే రైల్లో గుండె ఆగిపోయింది. శవం కంటే రెండు రోజుల ముందు పెట్టె ఇంటికొచ్చింది. తాళం తీస్తే మడతలు కూడా చెదరలేదట. ఆ రోజు ఆయన్ని 'నా నాయినో' అని పిలిచి ఏడ్చిన ఏడుపే ఇది.

"ఎవులికీ చెప్పకు బాబూ. దయ్యం ఏడుపుగానే ఉండనీ" అంది.

సినిమా జనాన్ని బాగా భయపెట్టింది. వంటింట్లోకి మంచినీళ్లకు వెళ్లాలన్నా తోడు కావాల్సి వచ్చిందని యూట్యూబ్‌లో సినిమా కింద రాశారు. ఆ తలుపు వెనక ఉన్నది ఒక ట్రంకు పెట్టె అని నాకొక్కడికే తెలుసు. అది కొంత గర్వంగానూ ఉండేది.

మూడేళ్ల తర్వాత దానికి రెండో భాగం వచ్చింది. ఒకసారి భయపడినవాడు అదే దయ్యానికి రెండోసారి భయపడడని తీసినవాళ్లకు ఎవరు చెప్పారో, ఈసారి నవ్వుల బాట పట్టారు. తలుపు వెనక దయ్యం ఇందిరాపురంలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటుకు మారింది. ఏడుపు పక్కవాళ్లకు ఇబ్బందిగా ఉందని సొసైటీ సెక్రటరీ దానికి నోటీసు ఇస్తాడు. మొగుణ్ణి అదే చంపి ముక్కలు చేసి ఫ్రిజ్జులో పెట్టి, పెరుగ్గిన్నెకు చోటు చాలక ఏడుస్తుంది. నిజం చెప్పొద్దూ, బాగానే తీశారు. చూస్తూ నేను పడీ పడీ నవ్వాను. మొదటి సినిమాలో ఉన్న గుబులు ఇందులో మచ్చుకైనా లేదని ఆ నవ్వులో తోచనే లేదు.

తెలుగులో ఆ ఏడుపుకి ఏం రాయాలా అని రెండు రోజులు కూచోలేదు. రెండు నిమిషాల్లో రాసేశాను. రాగం సిద్ధంగా ఉంది, మాటలూ సిద్ధంగా ఉన్నాయి. పెట్టె ఉన్నచోట ఫ్రిజ్జు పెట్టాను. "ఫ్రిజ్జు సర్దినాను నా నాయినో... కింద అరలో కాళ్లెట్టినాను నా నాయినో... పెరుగ్గిన్నెక్కడెట్టను నా నాయినో..." స్టూడియో యజమానికి హిందీలో అర్థం చెబితే బల్ల చరిచి నవ్వాడు. "జనం నవ్వకపోతే మాత్రం వచ్చేసారి హైదరాబాద్ నుంచి రైటర్ని పిలిపిస్తాను" అని కూడా అన్నాడు. పిన్నిని స్టూడియోకి తీసుకెళ్తూ ఆ మాట మెట్రోలో ఆవిడకు చెప్పాను. ఊసుపోక చెప్పాననే అప్పుడనుకున్నాను.

మైకు ముందు ఆవిడ కాగితం చాలాసేపు చదివింది.

"ఇది నాదే కదా బాబూ?"

"మీదే పిన్నీ. అందుకే మీరే చెప్పాలి."

"ఫ్రిజ్జు ఉండనీ. కాళ్లూ ఉండనీ. ఆ 'నా నాయినో' ఒక్కటీ తీసీ బాబూ. అది ఆయన్ని పిలిసింది."

తీసేయొచ్చు. దాని బదులు ఇంకేదైనా పెట్టొచ్చు. కానీ నవ్వంతా ఆ పిలుపులోనే ఉందని నాకు తెలుసు. "కుదరదు పిన్నీ. దయ్యం పెదాల కదలికకు ఆ మాటే సరిపోతుంది. మార్చితే నోరొకటీ మాటొకటీ అయిపోతుంది" అన్నాను. పచ్చి అబద్ధం. ఆ సీన్లో దయ్యం జుట్టు విరబోసుకుని ఉంటుంది. మొహమంతా జుట్టే. సరిపెట్టడానికి పెదాలే కనబడవు.

ఆవిడ ఎదురుగా ఉన్న తెర వైపు ఒకసారి చూసి, "ఠీక్ హై" అంది. ఒక్కసారికే చెప్పేసింది. ఇంజనీరు నవ్వు ఆపుకోలేక కుర్చీలో ముడుచుకుపోయాడు. చివరికి ఆవిడా నవ్వింది. నవ్వింది కదా, ఇంకేం బాధ ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా పెట్టె సర్దడంలో నేనూ తక్కువ తినలేదు.

సినిమా కంటే ఆ ఏడుపు ముక్క ఎక్కువ తిరిగింది. ఫోన్లలో ఎవరు చూసినా అదే. తెలుగు అర్థమైనా హిందీలోనే బదులిచ్చే మా కాలనీ పిల్లలు సైతం పిన్నిని చూడగానే "నా నాయినో!" అని అరిచేవారు. ఆవిడ నవ్వుతూ చెయ్యి ఊపేది. నాకు మూడో భాగం రాయమని ముందే చెప్పారు. ఉద్యోగం నిలబడింది. నేను స్వీటు డబ్బా పట్టుకుని వాళ్లింటికి కూడా వెళ్లాను.

మొన్న చలికాలం ఒక ఆదివారం పొద్దున పిన్ని మనవరాలు నాకు ఫోన్ చేసింది. ఇంటర్ చదివే పిల్ల. "అంకుల్, నానమ్మ వాళ్ల అక్క పోయారు. పాపా టికెట్ల కోసం వెళ్లారు. నానమ్మ రో నహీ రహీ, బస్ బైఠీ హై. ప్లీజ్ రండి" అంది. ఏడవకుండా ఊరికే కూర్చుందంటే నాకూ భయమేసి దిగి వెళ్లాను.

మంచం మీద స్టీలు గ్లాసుకు ఆనించి ఫోన్ పెట్టి ఉంది. వీడియోలో ఊరి ఇల్లు. మధ్యాహ్నానికే తీసుకెళ్లిపోతారట, ఈవిడ బయల్దేరినా కడచూపు అందదు. శవం చుట్టూ ఆడవాళ్లు వంతులవారీగా ఏడుస్తున్నారు. వాళ్లలో ఒకామె ఫోన్ దగ్గరికి మొహం పెట్టి, "చిన్నమ్మా, మీ అప్పకి ఓ మాట చెప్పే. నువ్వు చెప్పకుండా ఎలగెల్తాది?" అంది. అప్ప అంటే అక్క. అక్కడ అంతే. తోడబుట్టినవాళ్లు పిలిచి ఏడిస్తేనే పంపినట్టు.

పిన్ని కొంగు సర్దుకుని కళ్లు మూసుకుంది. "నన్నొగ్గీసి ఏ బండెక్కినావు నా అప్పో... చీర సర్దినాను నా అప్పో..."

మనవరాలు గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లబోయి ఆగాను. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పాపం ఆపుకోలేకపోతోంది. ఆ పిల్లను ఏమనగలను? నేనూ బుగ్గ లోపల పళ్లతో కొరికి పట్టుకుని ఉన్నాను. తలతిప్పి చూసేసరికి పిన్ని కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూస్తోంది.

కోపం లేదు. ఫోన్ తీసి బోర్లా పెట్టింది. "రాట్లేదు బాబూ. చీర సర్దినాననీసరికి ఫ్రిజ్జే వస్తంది. నాకే నవ్వొస్తంది. మా అప్ప అక్కడలగ పడుంటే నాకు నవ్వొస్తంది" అంది. అప్పుడామె కళ్లల్లో చుక్క నీరు లేదు. ఏడుపొచ్చింది నాకే, అదీ ఎందుకూ కొరగాని ఏడుపు.

"తప్పంతా నాది పిన్నీ. ఆ రోజు పెదాలకు కుదరదని చెప్పాను చూడండి, అది..."

"దాని మొకం మీద జుట్టే కదా" అంది పిన్ని. "నాను చూసినాను."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు పిన్నీ?"

"జనం నవ్వకపోతే నీ పని పోద్దన్నావు కదా బాబూ."

ఆ తర్వాత ఫోన్ తిప్పి మళ్లీ గ్లాసుకు ఆనించింది. అటువైపు ఎవరో పిన్ని వంతు కూడా కలిపి ఏడుస్తున్నారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాళ్లు తీసుకెళ్లే వరకూ వింటూ కూర్చుంది.