అప్పులవాళ్ళకి పులిహోర

నోయిడాలో మా టిఫిన్ సెంటర్ మూతపడి, మా ఆయన దివాలా పిటిషన్ వేశాక, అప్పులవాళ్ళందరితో మీటింగ్ పెట్టారు. ముందురోజు లాయరు ఫోన్ చేసి, "కాగితాలన్నీ తెండి, అడిగినదానికే జవాబు చెప్పండి, మొహాలు కాస్త దిగులుగా పెట్టండి" అన్నాడు. మొహం ఎలా పెట్టాలో కూడా ఇతనే చెప్పాలా అని ఒళ్ళు మండింది నాకు. కాగితాలు సంచీలో సర్దాను. పొద్దున్నే లేచి పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపాను. మాకోసం వచ్చిన మనుషుల్ని ఉత్త కడుపుతో పంపడం మా ఇంట లేదు.

"అప్పులవాళ్ళకి విందేమిటే!" అంటూ మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

మీటింగ్ మధ్యలో డబ్బా మూత తీశాను. లాయరు తల పట్టుకున్నాడు. బ్యాంకు మనిషి రెండోసారి పెట్టించుకున్నాడు. మాకు ఏళ్ళ తరబడి బియ్యం అరువిచ్చిన కిరాణా భయ్యా మాత్రం ఒక్క ముద్ద తిని ఆగిపోయాడు.

"దీదీ, ఈ బియ్యం నా దుకాణానివి కావు" అన్నాడు హిందీలో.

"మీ దగ్గరికి రావడానికి మొహం చెల్లక, వేరేచోట డబ్బిచ్చి కొన్నాను భయ్యా."

"అచ్ఛా! అరువైతే నా దగ్గర, నగదైతే పక్కవాడి దగ్గరా?" అని పోట్లాడుతూనే, ప్లేటు మళ్ళీ నా ముందుకు చాచాడు.