జానెడు తక్కువ నెతెల

షిరో మెడ అనే పేటలో, మా నేతగాళ్ళ వాకిట్లో, మెస్కెలే రోజూ పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగే ముందు రెండు పనులు చేసేవాడు. కొండమీది మరియమ్మ చర్చి వైపు తిరిగి శిలువ గుర్తు వేసుకునేవాడు. తర్వాత ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. గుండె సరిగ్గా నడుస్తోందనిపిస్తేనే కాళ్ళు గుంటలో పెట్టేవాడు.

అంతకు ముందటేడు అతని గుండె ఉన్నట్టుండి పరుగందుకునేది. మగ్గం మీదే సోలిపోయేవాడు. పెద్దాసుపత్రిలో తొడ నరం గుండా సన్నని తీగ పంపి, గుండెలో ఆ పరుగు పుట్టే చోటును కాల్చారు. పరుగు ఆగింది.

"అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టు ఉంటుంది, దానికి భయపడొద్దు. మళ్ళీ పరుగు మొదలైతే మాత్రం వెంటనే రా. వస్తుందని కాదు, రాదని కూడా చెప్పలేను" అన్నాడు డాక్టరు. మెస్కెలే మనసులో ఆఖరి మాటే నిలిచిపోయింది.

అప్పట్నించి గబీలు నేయడం మానేశాడు. గబీ అంటే చలికి కప్పుకునే నాలుగు పొరల దుప్పటి. పడుగు వేశాక చాలా రోజుల పని. మధ్యలో తనకేమన్నా అయితే ఆ పడుగు మగ్గం మీద దిక్కులేకుండా ఉండిపోతుందని అతని దిగులు. అందుకే త్వరగా పూర్తయ్యే నెతెలలే నేసేవాడు, ఆడవాళ్ళు తలమీదుగా కప్పుకునే పలచని తెల్ల వస్త్రాలు.

పక్కింటి బిర్కే పిన్ని మనవడి పెళ్ళికి గబీ కావాలని ఎన్నాళ్ళుగానో నూలు వడికింది. అడిగినప్పుడల్లా "ఇంకెవరికైనా ఇవ్వు పిన్నీ" అనేవాడు. ఆమె బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయేది. మెస్కెలే భార్య అయెలెచ్ మాత్రం కాఫీ తాగించకుండా పంపేది కాదు.

ఒక ఆదివారం పిన్ని అతను నేసిన కొత్త నెతెల కప్పుకుని చర్చికి వెళ్ళింది. తల కప్పితే భుజం బయటపడింది, భుజం కప్పితే తల బయటపడింది. ప్రార్థన సాగినంతసేపూ లాక్కుంటూనే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అక్కణ్ణించి తిన్నగా మెస్కెలే ఇంటికొచ్చింది.

"ఏంరా, నేనేమన్నా పసిపిల్లనా? జానెడు గుడ్డ ఎక్కడ మింగావు?"

మెస్కెలే తల దించుకున్నాడు. "ఆ రోజు గుండె ఒక దెబ్బ తప్పింది పిన్నీ. ఇంక టైం లేదేమో అనిపించి గబగబా కోసేశా."

"తర్వాత?"

"తర్వాతేముంది? ఇంజెరా తిన్నా."

"మారు కూడా వడ్డించుకున్నాడు పిన్నీ" అంది అయెలెచ్.

పిన్నికి నవ్వొచ్చింది, కోపం పోయింది. అతని పక్కన కూలబడింది.

"నాకు డెబ్బై దాటాయి. నూలు మొదలుపెట్టేటప్పుడు, ఇది పూర్తయ్యేదాకా ఉంటానా అని ఎవర్నన్నా అడిగానా? నువ్వు సగంలో పోతే మిగతాది నీ బావమరిది నేస్తాడు. వంకరటింకరగా నేస్తాడు. నేను రోజూ నీ సమాధి దగ్గరికొచ్చి నిన్నే తిడతా. నా తిట్లు నీకు ఎలాగూ తప్పవు."

చాలాకాలం తర్వాత మెస్కెలే గట్టిగా నవ్వాడు.

ఆ వారమే ఆసుపత్రిలో గుండె పరీక్ష ఉంది. బాగానే ఉందన్నాడు డాక్టరు, మళ్ళీ పాత మాటలే చెప్పాడు. ఈసారి మెస్కెలే మొదటి మాట కూడా విన్నాడు. తిరిగొచ్చి, ఇంటికైనా వెళ్ళకుండా పిన్ని గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పిన్నీ, ఆ నూలు బుట్ట ఉందా?"

"ఎక్కడికి పోతుంది?"

"రేపు పొద్దున పడుగు చాచాలి. ఆ చివర నువ్వు పట్టుకోవాలి. మధ్యలో నేను ఆగి మణికట్టు చూసుకుంటే ఏమీ అనకు. దారం మాత్రం వదలకు పిన్నీ."