మదార్‌బీ పోసిన మజ్జిగ

ప్రత్తిపాడు దగ్గర మిర్చి షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని, గోతాల మీద కూర్చుని, పొద్దస్తమానం ఎండుమిరపకాయల తొడిమలు గిల్లుతుంటారు. వాళ్ళ మేస్త్రి మదార్‌బీ. యాభై దాటిన మనిషి. కాయ విరిచి వాసన చూస్తే రకం చెప్పేది, మనిషి దగ్గు వింటే జబ్బు చెప్పేది. ఆవిడ చెప్పే జబ్బు మాత్రం ఎప్పుడూ ఒకటే, ఘాటు. ఒళ్ళు మండినా ఘాటే, కళ్ళు తిరిగినా ఘాటే. మందూ ఒకటే, ఉప్పేసిన మజ్జిగ. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఆవిడ మాటే నిజమయ్యేది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

2003 మార్చిలో ఒకరోజు రాజ్యం చెయ్యి ఆపింది. ఇరవయ్యేళ్ళుగా మదార్‌బీ పక్క గోతం ఆమెదే.

"వదినా, దవడ లాగుతోందే. వీపులో ఏదో బరువు. వాంతొచ్చేట్టుంది."

"తేజ రకం కాయ కదే, ఘాటు దవడకెక్కింది. ఇదిగో, తాగి పడుకో. నీ వేషాలు నాకు తెలీవా!"

రాజ్యం నవ్వి, చెంబెత్తి తాగి, గోతాల మీద ఒరిగింది. టీ వేళకి లేపబోతే లేవలేదు.

నెల తిరక్కముందే నర్సమ్మ కోటేశ్వరి షెడ్డుకొచ్చింది. ఆడవాళ్ళకి గుండెపోటు సినిమాలోలా గుండె పట్టుకుని పడిపోయేట్టే రావాలని లేదనీ, దవడ నొప్పి, వీపు బరువు, ఆయాసం, చల్లటి చెమట, వాంతి, ఇలా కూడా వస్తుందనీ చెప్పింది. బీపీ చూపించుకోమంది, రోజూ అరగంట నడవమంది, పచ్చడి తగ్గించమంది.

"పచ్చడి లేకుండా అన్నమెట్టా దిగుద్దమ్మా?" అని అందరూ నవ్వారు.

మదార్‌బీ నవ్వలేదు. "గుండెపోటు మగాళ్ళ రోగం. పనులు చెడగొట్టమాక" అని కసిరి పంపేసింది. కసరక ఏం చేస్తుంది? నర్సమ్మ మాట నిజమైతే ఆ చెంబెడు మజ్జిగ సంగతేంటి? నొప్పి ఎవరికీ చెప్పకుండానే పోయిందని రాజ్యం ఓర్పుని ఊరంతా పొగిడింది. ఓర్పూ లేదు, పాడూ లేదు. ఆమె నోరు తెరిచి చెప్పింది. విన్నది మదార్‌బీ ఒక్కతే.

మరుసటేడు ఏప్రిల్లో, పట్టపగలు, మదార్‌బీ దవడ లాగింది.

పన్నునొప్పేమో అనుకుంది. తర్వాత వీపులో బరువు. రేకుల కింద షెడ్డు కాలిపోతుంటే, తన మెడ మీద చెమట మాత్రం చల్లగా జారుతోంది. ఆవిడ చూపు పక్క గోతం మీద పడి అక్కడే ఆగిపోయింది.

"అత్తా, మొహం అట్టా పాలిపోయిందేంటి? ఘాటు పట్టిందా?" కోడలు మెహర్ పరుగున మజ్జిగ తెచ్చింది. అదే చెంబు. రాజ్యం తాగిన ఆ సొట్ట చెంబు.

తాగితే ఇది ఘాటు. అప్పుడు రాజ్యానిదీ ఘాటే, తన తప్పేం లేదు. తాగకపోతే? చెంబు పెదవులకి తగిలింది. చావంటే భయం ఒకవైపు, చెంబు దించితే ఒప్పుకోవాల్సిన నిజమంటే భయం ఇంకోవైపు. ఆ రెండోదే ఎక్కువగా ఉంది.

చెంబు కింద పెట్టేసింది.

"బయట ఆటో ఆదాంని బండి తియ్యమను."

"ఘాటేగా అత్తా, కాసేపు నడుం వాలిస్తే..."

"ఘాటు కాదే, గుండె! రాజ్యానిదీ గుండే! నేనే చంపాననుకోండి, ముందు ఆటో పిలవండి!"

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండెపోటేనంది. బీపీ ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలీదంది. వేళకి తెచ్చారంది. మూడోరోజు మదార్‌బీ ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"మా రాజ్యం కూడా ఆటో ఎక్కుంటేనో?"

"చెప్పలేమమ్మా. బతికే అవకాశం ఉండేది."

మదార్‌బీ గోడవైపు తిరిగి పడుకుంది.

పై ఏడు మళ్ళీ షెడ్డుకొచ్చింది. కొంగున మాత్రల ముడి, క్యారేజీలో పచ్చడి లేని అన్నం. తెల్లారగానే మెహర్‌ని వెంటబెట్టుకుని కాలవకట్ట మీద నడిచొస్తోంది. మొదటివారంలోనే ఓ కొత్త పిల్ల ఛాతీ రుద్దుకుంటూ అడిగింది.

"పిన్నీ, ఇక్కడ మండుతోంది. ఆయాసంగా కూడా ఉంది. ఘాటేగా?"

చేతులన్నీ ఆగాయి. అందరూ ఆవిడ తీర్పు కోసం చూస్తున్నారు.

"నాకు తెలీదే" అంది. షెడ్డులో ఆవిడ నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు. "తెలీదు కాబట్టే లే. ఆటో ఎక్కు. నేనూ వస్తా."