అడిగి తగిలించిన ముఖాలు

పోయిన గురువారం పొద్దున బస్సులో ఉండగా మూసాపేట నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, నాన్న పోయిండు" అంది కాకా కూతురు. రెండు వారాలుగా ఆయన దవాఖానలో ఉన్నాడని తెలుసు. ఆదివారం వస్తానని మాటిచ్చాను. ఆ ఆదివారం రాకముందే ఆయన వెళ్లిపోయాడు.

కాకా నాకు చుట్టం కాదు. మూసాపేటలో మెట్రో లైను పక్క సందులో ఎన్నో ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఆ సందులో అందరూ కాకా అనేవారు, నేనూ అన్నాను.

రెండేళ్ల కిందట, బాచుపల్లిలో డిగ్రీ చివరి ఏడాది చదువుతూ ఒక చిన్న సంస్థలో ఇంటర్న్‌గా చేరాను. చరిత్రను పుస్తకాల్లోంచి బయటికి తెచ్చి, మామూలు జనం చూసేలా ప్రదర్శనలు పెట్టడం వాళ్ల పని. హైటెక్ సిటీ కట్టిన కూలీల ఫోటోలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడమని మా మేడమ్ మొదటి రోజే చెప్పింది. వెతుక్కుంటూ వెళ్లి కాకా దగ్గర తేలాను.

ఆ భవనాలు లేస్తున్న రోజుల్లో పనిలోకి వెళ్లాలంటే గేటు పాసు కావాలి, పాసుకు ఫోటో కావాలి. మేస్త్రీలు కూలీలను గుంపుగా కాకా దగ్గరికి తెచ్చేవారట. ఆ నెగెటివ్‌లన్నీ ఆయన చెప్పుల డబ్బాల్లో దాచాడు, ఒక్కో కవరు మీద పెన్సిలుతో పేరు రాసి. "కాలరున్న అంగీలు రెండు మేకుకు తగిలిచ్చి ఉంచెటోన్ని బిడ్డా. సిమెంటు బట్టలతోని దిగుతమంటే మనసొప్పకపొయ్యేది" అన్నాడు. దిగేవాళ్లను నవ్వమని ఎన్నడూ అనలేదట. ముందు "తిన్నవా?" అని అడిగేవాడట. నన్నూ రోజూ అదే అడిగేవాడు. తినలేదంటే పక్క హోటల్ నుంచి ఉప్మా వచ్చేదాకా ఒక్క కవరూ తెరవనిచ్చేవాడు కాదు.

ఆ ఫోటోల్లో ఒకామె దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పాతికేళ్లుండవు. రెప్ప వేయకుండా సూటిగా చూస్తోంది. 'ఆత్మవిశ్వాసం నిండిన చూపు' అని కింద రాశాను. మేడమ్‌కు బాగా నచ్చింది. మాదాపూర్‌లో ప్రదర్శన పెట్టే హాలు గుమ్మానికి ఎదురుగా ఉండాలని నిలువెత్తున ముద్రించమంది.

అది చెబితే కాకా అడిగాడు: "ఆమెను అడిగినవా?"

"ఫోటో నీదే గదా కాకా?"

"మొఖం దిగినోళ్లది బిడ్డా. కాయితమే నాది."

ఆ తర్వాత నెల రోజులు అదే నా ఇంటర్న్‌షిప్. మధ్యాహ్నం స్టూడియో షట్టరు దించేసి, కాకా నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని తిరిగాడు. పాత మేస్త్రీలను పట్టుకుని, వాళ్ల ద్వారా ఒక్కొక్కరినీ వెతికి, "నీ ఫోటో గోడకు పెడ్తమంటున్నరు, పెట్టొచ్చునా?" అని అడిగాడు. ఒకాయన తన పాత మీసాలు చూసి మురిసిపోయి వెంటనే ఒప్పుకున్నాడు. దొరకనివాళ్ల ఫోటోలు తిరిగి డబ్బాల్లోకి వెళ్లిపోయాయి.

ప్రదర్శన మూడు రోజుల్లో ఉందనగా, సూటిగా చూసే ఆ ఫోటోలోని ఆమె మణికొండలో దొరికింది. అపార్ట్‌మెంట్లలో వంట చేస్తోంది. ఫోటో చూసి, బోర్లించి కాకా చేతికి తిరిగిచ్చేసింది.

"మా ఆయన పని మీద పైనుంచి పడి పొయ్యిండు. పదకొండో దినం నేను గీ ఫోటో దిగిన. ఆయన జాగల నన్ను తీసుకున్నరు. గీ మొఖం మల్ల నాకు చూపియ్యకుండ్రి అన్నా."

నేను రాసిన వాక్యం నా బ్యాగులోనే ఉంది. బయటికి తీయలేదు.

కిందికి వచ్చాక, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, "పేరు రాయకుంట పెడ్దామా కాకా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "పేరు లేకుంటే ఆమె గుర్తువట్టదా? నేను చెప్తే నా మాటైతది. మీ మేడమ్‌కు నువ్వే చెప్పు."

మర్నాడు చెప్పాను. "ఆహ్వానాల మీద కూడా అదే ఉందమ్మా, ఇప్పుడా చెప్పేది?" అంది మేడమ్. "ఆమె వద్దన్నది మేడమ్" అని మళ్లీ అన్నాను. కాసేపటికి ఆవిడే ఫోన్ తీసి ఆహ్వానాలు మళ్లీ వేయమని ప్రెస్సుకు చెప్పింది. గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ ఖాళీగా మిగిలింది.

ఆ సాయంత్రం కాకా నెగెటివ్‌లోంచి ఆ ఒక్క ముక్కను కత్తిరించి కవరులో పెట్టాడు. మళ్లీ ఇద్దరం మణికొండ వెళ్లాం. "ఇగ నా దగ్గర లేదమ్మా. ఫికర్ చెయ్యకు" అని ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, "ఇంకెవలెవలున్నరు అండ్ల?" అని గోడ మీద పెట్టబోయే ఫోటోల గురించి అడిగింది.

ప్రదర్శన రోజు ఆమె కూడా వచ్చింది. ప్రతి ఫోటో ముందూ నిలబడి మాకు తెలియనివి చెప్పింది. ఎవరు పాడుకుంటూ తట్టలు మోసేవారో, ఎవరు మండుటెండలో తమ చెప్పులు ఇంకొకరికి ఇచ్చేవారో. నేను రాసుకుంటూ వెనకాల నడిచాను. ఇప్పుడు చరిత్రలోనే పీజీ చేస్తున్నాను. ఒక మనిషి గురించి వాక్యం రాసే ముందు ఆ మనిషిని అడగాలన్న సంగతి నాకు నేర్పింది కాలేజీ కాదు, కాకా.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం, గోడ మీద ఫోటోలున్నవాళ్లలో పదిమంది తాము కట్టిన బిల్డింగు కనబడేలా కలిసి ఫోటో దిగుతామన్నారు. గేటు ముందు తీయకూడదని సెక్యూరిటీ అతను చెప్పాడు. కాకా వాదించలేదు. అందరినీ రోడ్డు మధ్య డివైడరు మీద వరసగా నిలబెట్టి, తాను అవతలి ఫుట్‌పాత్ మీదికి వెళ్లాడు. మణికొండ నుంచి వచ్చినామె వరసలో నిలబడలేదు. కాకా పక్కన చేరి, ఆయన కెమెరా సంచి భుజానికి తగిలించుకుని, "ఓ వదినా, కొంగు సదురుకో!" అని అరుస్తూ నవ్వుతోంది. మధ్యలో కార్లు ఆగకుండా పోతున్నాయి. "ఆగుండ్రి, జర ఆగుండ్రి, ఈ కారు గూడ పోనియ్యుండ్రి" అంటూ, ఒక కన్ను మూసి, ఎండలో చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు కాకా.