స్కీ జంప్ కింద రెండు ఈలలు

మా అమ్మాయి సుజాత మెట్లెక్కి ఏడాదైంది. కంచరపాలెం గేటు దగ్గర స్కూటర్ మీంచి పడి మోకాలికి ప్లేటు వేయించుకుంది. డాక్టరు ఎక్కమన్నా భయం ఎక్కనివ్వలేదు, ఎక్కడికెళ్లినా లిఫ్టే. ఆఫీసు పని మీద నార్వే వెళ్తూ తోడు రమ్మంది. అంతకంటేనా! విశాఖ నుంచి రెండు విమానాలు మారి ఓస్లో చేరాం.

పని అయిన మర్నాడు పొద్దున్నే ఊరి మధ్య ఒకటో నంబరు మెట్రో ఎక్కితే అరగంటలో కొండెక్కించింది. దిగాక పావుగంట నడక. అబ్బబ్బ, ఏం చూశానండీ! మన పోర్టు క్రేన్ని వంచి ఆకాశానికి ఆనించినట్టుంది ఆ స్కీ జంప్. కాళ్లకు స్కీలనే పొడుగు చెక్కలు కట్టుకుని, మంచు మీద జారుతూ వచ్చి గాల్లోకి ఎగురుతారట. వేసవి కాబట్టి మంచు లేదు. వాలు పక్కనే మెట్లు. నా కళ్లు వాటి మీదే.

దాని కిందే ఉన్న స్కీ మ్యూజియంలోకి టికెట్టు మనిషికి రెండు వందల క్రోనర్ల దాకా అయింది. లోపల వందల ఏళ్లనాటి స్కీలున్నాయి గానీ నాకు కాలు నిలవలేదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అమ్మాయి మాత్రం ఒక అద్దాల పెట్టె ముందు ఆగిపోయింది. అందులో విరిగిన స్కీకి రేకు చుట్టి మేకులు కొట్టారు.

"సూడు నాన్నా, దీనికీ ప్లేటేసీసారు. మళ్లీ మంచులోకి ఎల్లుంతాదేటి?"

"ఎల్లకపోతే రేకు దండగ కాదేటమ్మా!"

ఏమనుకుందో, బయటికొచ్చి మెట్ల ముందు నిలబడింది. నేనూ కదిలాను.

"నువ్వు కిందే ఉండు. పక్కనుంటే నీ సెయ్యట్టీసుకుంతాను."

ఎక్కింది. నేను కింద నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. సగంలో కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. ముప్పయ్యేళ్లు పోర్టులో సిగ్నల్ మేన్‌గా చేశాను. బరువు పైకెత్తమని క్రేన్ డ్రైవరుకి చెప్పాలంటే రెండు పొట్టి ఈలలు, ఆపమంటే ఒకటి. వేళ్లు వాటంతటవే నోట్లోకి వెళ్లాయి. రెండు ఈలలు వేశాను.

ప్రమాదమేదో జరిగిందనుకుని కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "మై డాటర్! అప్!" అన్నాను. అతను పైకి చూసి, నవ్వి, నా పక్కనే నిలబడ్డాడు. మళ్లీ రెండు ఈలలు.

"నాన్నా! పరువు తీసేత్తన్నావ్! నానేటి, ఇనప లోడునా?" అని అరుస్తూనే అడుగేసింది. ఇంకోటి. ఇంకోటి.

చివరికి పై మెట్టు మీంచి ఒకే ఒక్క ఈల వినిపించింది. చిన్నప్పుడు నేను నేర్పిందే. ఇక ఆపమని!

ఓడల్లోంచి ఎన్ని బరువులు దింపించానో లెక్కలేదు. నా గుండెల మీంచి ఆ రోజు దిగినంత బరువు మాత్రం ఏ క్రేనూ దింపలేదండీ. వెళ్లేవాళ్లకి ఒక్క మాట: అక్కడికి పూట మొత్తం కేటాయించుకోండి. మధ్యలో ఆగి ఎక్కేవాళ్లని తొందరపెట్టకూడదు.