జుబ్బా తొడిగిన బీరకాయ

మాటలు రాకముందే మా పాప వేలు పెట్టి చూపించడం నేర్చుకుంది. కాకి, ఫ్యాను, మా అత్తయ్యగారి ముక్కుపుడక, ఏదైనా వేలితోనే. ఇంటిల్లిపాదికీ అదో ముచ్చట. పెరట్లో బీరపాదుకి పిందె నిలిచిన రోజున మాత్రం అత్తయ్యగారు వీధి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి ఆ వేలు గప్పున పట్టుకున్నారు.

"పిందెని వేలెట్టి చూపిస్తే కుళ్ళిపోద్దే నా తల్లీ! వేలు మడిచి చూపించు, మడిచి!"

రెండేళ్ళు నిండని పిల్లకి వేలు మడవడం ఏం తెలుస్తుంది? పిడికిలి బిగించి పిందె మీదకి ఊపింది. దానితో కొట్లాటకి దిగినట్టుంది. నేను డిగ్రీలో బోటనీ చదివాను. పిందెలు ఎందుకు రాలతాయో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఆ సాయంత్రం నుంచి నేనూ వేలు మడిచే చూపించాను. ఉన్నది ఒక్క పిందె మరి.

అంతకు రెండు నెలల ముందు, ఎండలు మొదలవగానే పాప అన్నం మానేసింది. పప్పన్నం ఉమ్మేస్తుంది, పెరుగన్నం చూస్తే తల తిప్పేస్తుంది. "నువ్వు తినకపోతే అమ్మ తినేస్తుంది" అని బెదిరించి, అది బెదరకపోతే ఆ ముద్ద నేనే తినేసేదాన్ని. దాంతో ఆ నెల నేను బరువెక్కాను. పాప ఎక్కలేదు. డాక్టరుగారు ప్రతిసారీ "వచ్చే నెల చూద్దామమ్మా" అన్నారు. ఏం చూద్దామో చెప్పలేదు. నాకు నిద్ర పట్టడం మానేసింది.

బీరకాయ కూర కలిపితే మాత్రం నాలుగు ముద్దలు దిగేవి. బజారులో బీరకాయలకి ఏ మందు కొట్టారోనని నా భయం. ఫోనులో అలాంటివి చదవకూడదని తెలుసు. చదువుతాను. అందుకే గింజలు పెట్టాను.

కొత్తపేట పక్కన, కాలువ గట్టునే ఉండి నీళ్ళకి ఇబ్బందేమిటనుకుంటారు. వేసవిలో కాలువ కట్టేస్తారు. ఇక డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళంటారా, మధ్యాహ్నానికి టీ పొడి వేసుకోవడమే తరువాయి. మొదటిసారి వచ్చిన మొలకలకి పాపం దాహంగా ఉందని మిట్టమధ్యాహ్నం ఆ నీళ్ళే పైపుతో పట్టాను. సాయంత్రానికి ఉడికిన తోటకూరలా వాలిపోయాయి.

"ఏమ్మా, కోసే పని కూడా లేకుండా పాదులోనే వండేసేవా?" అన్నారు అత్తయ్యగారు.

రెండోసారి పెట్టిన వాటిలో ఒక్కటి కొబ్బరి మట్టల నీడన పందిరెక్కింది. రోజూ సాయంత్రం పసుపు పువ్వులు విచ్చుకునేవి, అన్నీ మగపువ్వులే. తీరా ఒక ఆడపువ్వు పూస్తే, ఆ ఉక్కపోతకి తేనెటీగ ఒక్కటీ బయటికి రాలేదు. మగపువ్వు కోసి నేనే పుప్పొడి అద్దాను.

"ముహూర్తం చూడకుండా చేసేస్తున్నావు. పోనీ అక్షింతలు తేనా?" అని మెట్ల మీంచి అత్తయ్యగారు.

అలా నిలిచిన పిందె అది. ఎండకి ఆకులు వేలాడిపోయి, ఎండంతా తిన్నగా దాని మీదే పడేది. ఒక పక్క తెల్లగా కమిలింది కూడా. చేతికందిన గుడ్డ, పాపకి బిగుతైపోయిన నూలు జుబ్బా. తడిపి తొడిగాను. రెండు చేతులూ చెరోవైపు వేలాడాయి. అత్తయ్యగారు లోపలికెళ్ళి కాటుక తెచ్చి కాయ చివర దిష్టిచుక్క పెట్టారు.

మా ఆయన కువైట్ నుంచి వీడియో కాల్ చేశారు. "పాపేదే?"

నేను ఫోను పందిరి వైపు తిప్పాను.

"ఏంటది? జుబ్బా వేసుకుని వేలాడుతోంది!"

"బీరకాయండి. జానెడు దాటింది."

"సరే. మరి పిల్లెంత పెరిగింది?"

ఎండకి సిగ్నల్ పోతోందని చెప్పి ఫోను పెట్టేశాను.

కాయ లేతగా ఉండగానే కోసేయాలి. చాకు పట్టుకెళ్ళి జుబ్బా విప్పబోయాను. "పాపా!" అని ఒక్క కేక. మా పిల్ల వచ్చి, తన ఎత్తుకి వేలాడుతున్న కాయని వాటేసుకుంది. "వద్దు! పాప!" జుబ్బా ఉంది, దిష్టిచుక్క ఉంది, ఇంకేం కావాలి పాపకి?

"చుక్క పెట్టింది మీరే కదండీ" అన్నాను అత్తయ్యగారితో.

"ఆయ్, జుబ్బా తొడిగింది మాత్రం ఎవరో!"

చాకు లోపల పడేసి, చచ్చినా తినదని తెలిసీ పెరుగన్నం గిన్నె తెచ్చుకుని పందిరి కింద కూలబడ్డాను. పాప గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసింది. కాయ చివరకి ఆనించి "ఆ..." అంది. కాయ నోరు తెరవలేదు. కాసేపు చూసి, వేలు చూపించి బెదిరించి, అచ్చం నాలాగే ఆ ముద్ద తన నోట్లో వేసుకుంది. మళ్ళీ ఒక ముద్ద. కాయ ఎంతకీ తినలేదు. గిన్నె ఖాళీ అయింది. అన్నిసార్లు వేలు పెట్టి చూపించినా ఆ కాయ కుళ్ళలేదు, అత్తయ్యగారూ అడ్డు చెప్పలేదు.

రోజూ పందిరి కిందే భోజనాలు. కాయ ముదిరి పీచు పట్టింది, కూరకి పనికిరాదు. తరవాతి నెల అత్తయ్యగారిని వెంటబెట్టుకుని పాపని తీసుకెళ్ళాను. డాక్టరుగారు బరువు రెండుసార్లు చూసుకున్నారు.

"బాగానే పెరిగిందే! ఏం పెడుతున్నారమ్మా?"

"బీరకాయండి" అన్నాను, నోటికి అదే వచ్చి.

"కూరా? పప్పులోనా?"

నాకంటే ముందు అత్తయ్యగారు అందుకున్నారు. "జుబ్బాలోనండి."